కిషి స్టేషన్: పిల్లి రాకముందు జరిగిన కథ

జపాన్‌లోని వకయామ స్టేషన్‌లో పెద్ద రైళ్ళు ఆగే ప్లాట్‌ఫాంలన్నీ దాటుకుని చివరికి వెళ్తే తొమ్మిదో నంబరు ప్లాట్‌ఫాం వస్తుంది. అక్కడ రెండు పెట్టెల చిన్న రైలు ఆగి ఉంటుంది. ఒక్కోసారి తెల్లటి పెట్టెల మీద ఎర్రటి స్ట్రాబెర్రీ బొమ్మలుంటాయి. ఒక్కోసారి రైలు ముఖానికి పిల్లి మీసాలు, పైన రెండు చెవులు ఉంటాయి. ఇది కిషిగవ లైన్. ఒకే ట్రాక్, పద్నాలుగు స్టేషన్లు, 14.3 కిలోమీటర్లు, అరగంట పైచిలుకు ప్రయాణం. ఆఖరి స్టేషన్ పేరు కిషి.

ఊరి చివరి స్టేషన్ అన్నమాటే గానీ ఈ పేరు ప్రపంచమంతా తెలుసు. తామా అనే మూడు రంగుల పిల్లిని ఇక్కడ స్టేషన్ మాస్టర్‌గా నియమించారు. దాన్ని చూడటానికి దేశదేశాల జనం వచ్చారు. మూతపడబోయిన రైల్వే లైన్‌ను ఒక పిల్లి కాపాడిందన్న మాట పత్రికల్లో, టీవీల్లో, ఆ తర్వాత అందరి ఫోన్లలో తిరిగింది.

ఆ కథలో ముచ్చట ఉంది, కాదనలేం. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే కథ తలకిందులుగా చెబుతున్నారని అర్థమవుతుంది. కిషిగవ లైన్ గండం గట్టెక్కి కొత్త కంపెనీ చేతిలో పరుగు మొదలుపెట్టింది 2006 ఏప్రిల్ 1న. తామా స్టేషన్ మాస్టర్ టోపీ పెట్టుకుంది 2007 జనవరి 5న. అంటే లైన్ బతికి బట్టకట్టిన తొమ్మిది నెలలకు గానీ పిల్లి ఉద్యోగంలో చేరలేదు. అసలు పిల్లికి ఆ ఉద్యోగం రావడానికి కారణమే లైన్‌ను కాపాడిన ఒప్పందం. ఈ ముడి విప్పితే చిన్న స్టేషన్లు ఎలా పోతాయో, ఎలా నిలబడతాయో రెండూ తెలుస్తాయి.

గుడికి వేసిన రైలు

ఈ లైన్ పుట్టింది 1916లో, భక్తుల కోసం. వకయామ చుట్టుపక్కల నిచిజెన్‌గూ, కమయామ, ఇతకిసో అని మూడు పాత షింతో గుళ్ళున్నాయి. షింతో అంటే జపాన్ సొంత మతం. ఒకే రోజు మూడింటినీ దర్శించుకోవడం అక్కడివాళ్ళ ఆచారం. ఆ యాత్రికులను మోయడానికి శాన్‌దో లైట్ రైల్వే అనే చిన్న కంపెనీ ఇప్పుడు ఇదకిసో అని పిలిచే స్టేషన్ దాకా పట్టాలు వేసింది. 1933లో ఆ పట్టాలు పొడిగిస్తే కిషి చివరి స్టేషన్ అయింది. తర్వాత కరెంటు వచ్చింది, యజమానులు మారారు, 1961లో లైన్ నాన్‌కాయ్ అనే పెద్ద ప్రైవేటు రైల్వేలో కలిసిపోయింది. ఒసాకా నుంచి దక్షిణానికి రైళ్ళు నడిపే నాన్‌కాయ్‌కి ఇది ఎక్కడో విడిగా పడి ఉన్న పిల్ల కాలువ లాంటిది.

ఇతకిసో గుడిలో దేవుడు ఇతకెరు. చెట్ల విత్తనాలు తెచ్చి జపాన్ నేలంతా చల్లాడని పురాణం. ఈ ప్రాంతానికి చెట్ల సీమ అనే అర్థంలో పాత పేరు ఉండటానికి కూడా ఆ కథనే చెబుతారు. ఈ సంగతి తర్వాత స్టేషన్ కప్పు దగ్గర మళ్ళీ వస్తుంది.

1974లో ఏడాదికి 36 లక్షల మంది ఈ రైలెక్కేవారు. 2005 నాటికి ఆ సంఖ్య 19 లక్షలకు పడిపోయింది. కారణాలు కొత్తవేమీ కావు. ఇంటింటికీ కారు వచ్చింది, రోడ్లు వెడల్పయ్యాయి, షాపులు ఊరి బయటి పార్కింగ్ స్థలాల పక్కకు వెళ్ళిపోయాయి, బడికి వెళ్ళే పిల్లలు తగ్గారు. మిగిలినవాళ్ళలో హైస్కూలు పిల్లలు, కారు నడపలేని పెద్దవాళ్ళే ఎక్కువ. ఏడాదికి దాదాపు 50 కోట్ల యెన్‌ల నష్టం నాన్‌కాయ్ ఖాతాలో పడుతూ వచ్చింది.

ఒక్క నోటీసు చాలు

నష్టాలుంటే ఎప్పుడో మూసేయవచ్చు కదా అనిపిస్తుంది. 2000కు ముందు అది అంత తేలిక కాదు. జపాన్‌లో రైల్వే లైన్ ఆపేయాలంటే ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. ఊరివాళ్ళు ఒప్పుకోకపోతే ఆ అనుమతి ఏళ్ళ తరబడి నానేది. 2000 మార్చిలో రైల్వే వ్యాపార చట్టానికి సవరణ అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి అనుమతి అక్కర్లేదు, ఏడాది ముందు నోటీసు ఇస్తే చాలు. ఏడాది తిరిగేలోగా ఎవరైనా ముందుకొస్తే సరే, లేకపోతే చివరి రైలు.

చిన్న లైన్ల చరిత్రలో ఈ సవరణ పెద్ద మలుపు, పిల్లి కథ చెప్పేవాళ్ళు దీన్ని దాదాపుగా వదిలేస్తారు. అంతకుముందు 1980లలో జాతీయ రైల్వేను ముక్కలు చేసే పనిలో భాగంగా 83 లైన్లను జాబితాకెక్కించారు. వాటిలో 45 లైన్లలో రైలు పోయి బస్సు వచ్చింది, 38 లైన్లు స్థానిక కంపెనీల చేతికి వెళ్ళి రైలుగానే మిగిలాయి. అదంతా జాతీయ రైల్వే సంగతి. 2000 తర్వాత ప్రైవేటు కంపెనీల లైన్లకు కూడా తలుపు తెరుచుకుంది.

2004 సెప్టెంబరు 30న నాన్‌కాయ్ నోటీసు ఇచ్చింది. చట్టం ప్రకారం 2005 సెప్టెంబరు 30 తర్వాత కిషిగవ లైన్‌తో తమకు సంబంధం లేదని దాని సారం.

ఆ నోటీసు చూసి అక్కడి జనం ఎందుకంత టెన్షన్ పడ్డారో తెలియాలంటే ఇరుగుపొరుగును చూడాలి. ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రంలా పై స్థాయి పాలన. అదే వకయామ ప్రిఫెక్చర్‌లో నొకామి ఎలక్ట్రిక్ రైల్వే 1994లో మూతపడింది. అరిద రైల్వే 2002 ఆఖరి రోజున ఆగిపోయింది. పట్టాలు పీకేశాక రైలు మళ్ళీ రాదని కిషి వైపు జనం పక్క ఊళ్ళలో కళ్ళారా చూశారు. ఎనిమిదేళ్ళ తేడాలో రెండు లైన్లు పోయాయి, మూడోది తమదే.

వెయ్యి యెన్‌ల చందా

ఊళ్ళవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. పేరును తెలుగులో చెప్పాలంటే కిషిగవ లైన్ భవిష్యత్తును నిర్మించే సంఘం. సభ్యత్వం ఏడాదికి వెయ్యి యెన్‌లు. ఆరు వేల మందికి పైగా చేరారు. రైలు ఆగిపోతే ధర్నా చేస్తామని కాదు, మేం కూడా జేబులోంచి తీస్తామని చేరారు. అధికారుల దగ్గర ఈ తేడా బాగా పనిచేసింది. డబ్బు పెట్టే జనం ఉన్నారంటే ఎక్కే జనం కూడా ఉన్నారన్న నమ్మకం కుదురుతుంది.

2005 ఫిబ్రవరిలో మూడు ప్రభుత్వాలు ఒక లెక్కకు వచ్చాయి. ఒకటి వకయామ ప్రిఫెక్చర్. రెండోది వకయామ నగరం. మూడోది కిషిగవ పట్టణం, అదే ఏడాది నవంబరులో కినోకవ నగరంలో కలిసింది. ఒప్పందంలో మూడు ముక్కలున్నాయి. పట్టాల కింది భూమిని నాన్‌కాయ్ నుంచి నగరం, పట్టణం కొంటాయి, అందుకయ్యే 23 కోట్ల యెన్‌లు ప్రిఫెక్చర్ ఇస్తుంది. మునుముందు వచ్చే పెద్ద మరమ్మతులకు 24 కోట్ల దాకా కూడా ప్రిఫెక్చరే భరిస్తుంది. నడపడంలో వచ్చే నష్టాన్ని పదేళ్ళ పాటు, మొత్తం 82 కోట్లు మించకుండా, నగరం 65 శాతం, పట్టణం 35 శాతం పంచుకుంటాయి.

ఈ 82 కోట్ల దగ్గర కాస్త ఆగాలి. నాన్‌కాయ్ చేతిలో ఉండగా నష్టం ఏడాదికి 50 కోట్లు. పదేళ్ళకు 500 కోట్లు. ఇక్కడ ఇస్తామన్నది ఏడాదికి సగటున 8 కోట్ల పైచిలుకు. అంటే నష్టం ఎంతొచ్చినా పూడుస్తామని ఎవరూ అనలేదు. ఇంతవరకే ఇస్తాం, ఇందులో నడపగలిగేవాళ్ళు రండి అన్నారు. ఈ పట్టుదల లేకపోతే ఒప్పందం నాలుగేళ్ళు కూడా నిలిచేది కాదేమో. ఎందుకంటే అంతులేని సాయం అడిగిన చోట మేయరు మారగానే సాయం ఆగిపోతుంది.

నడిపేవాళ్ళు కావాలని ప్రకటన ఇస్తే తొమ్మిది దరఖాస్తులు వచ్చాయి. ఎంపికైంది ఒకయామ ఎలక్ట్రిక్ ట్రామ్‌వే, పశ్చిమాన వేరే ప్రిఫెక్చర్‌లో ట్రామ్‌లు నడిపే కంపెనీ. దాని మాతృ సంస్థ ర్యోబి గ్రూపు. ఆ గ్రూపు అధిపతి మిత్సునోబు కొజిమ మొదటినుంచీ ఒకే మాట మీద ఉన్నారు. ఆస్తి ప్రజలది కావాలి, నడపడం ప్రైవేటు చేతిలో ఉండాలి. సగం ప్రభుత్వం, సగం ప్రైవేటు కలిసి పెట్టే కంపెనీ అయితే బాధ్యత ఎవరిదో తేలదు. ఈ పద్ధతిలో స్థానిక ప్రభుత్వాలు వాటాదారులు కావు, భూమికి యజమానులు మాత్రమే. కొత్తగా వకయామ ఎలక్ట్రిక్ రైల్వే పుట్టింది. లైన్ నడిపే తీరు మీద మాట్లాడటానికి ఊరివాళ్ళు, బళ్ళు, ప్రభుత్వాలు, కంపెనీ కూర్చునే కమిటీ కూడా ఏర్పడింది.

గూడు కింద భూమి

ఇక పిల్లి సంగతి. కిషి స్టేషన్ పక్కన ఒక చిన్న కిరాణా కొట్టు ఉండేది. కొట్టు యజమానురాలు పిల్లులను పెంచేవారు. వాటి గూడు స్టేషన్‌ను ఆనుకుని, రైల్వే స్థలంలో ఉండేది. నాన్‌కాయ్ కాలంలో ఎవరూ పట్టించుకోలేదు.

2006లో ఆ భూమి చేతులు మారింది. రైలును కాపాడటానికి ప్రభుత్వం కొన్న భూమిలోనే పిల్లుల గూడు కూడా ఉంది. ప్రైవేటు స్థలం పబ్లిక్ స్థలం అయ్యాక నిబంధనలు వచ్చాయి, గూడు తీసేయాలన్నారు. లైన్‌ను బతికించిన సంతకమే పిల్లులకు నిలువ నీడ లేకుండా చేసింది.

కొత్త కంపెనీ ప్రారంభోత్సవం నాడే ఆవిడ కొజిమను కలిసి, పిల్లులను స్టేషన్‌లో ఉండనివ్వమని అడిగారు. ఊరికే ఉండనిస్తే అది మళ్ళీ ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పే విషయమే. కొజిమ ఒక దారి చూశారు. ఉద్యోగం ఇస్తే స్టేషన్‌లో ఉండే హక్కు వస్తుంది. 1999లో పుట్టిన తామాను స్టేషన్ మాస్టర్‌గా, దానితో ఉన్న మీకో, చిబిలను సహాయకులుగా నియమించారు. జీతం ఏడాదికి సరిపడా పిల్లి మేత. పని, వచ్చేపోయేవాళ్ళను పలకరించడం. దాని తలకు సరిపోయేలా చిన్న యూనిఫాం టోపీ ప్రత్యేకంగా కుట్టించారు.

ఇందులో ఇంకో కిటుకు కూడా ఉంది. ఖర్చు తగ్గించుకోవడానికి కొత్త కంపెనీ ఇదకిసో లాంటి ముఖ్యమైన చోట్ల తప్ప స్టేషన్లలో సిబ్బందిని తీసేసింది. కిషిలో మనిషి లేడు. మనిషి లేని స్టేషన్ ఎలా ఉంటుందో మనకు తేలిగ్గా ఊహకు అందదు. రైలు వెనక తలుపు దగ్గర ఎక్కాలి. తలుపు పక్కనున్న చిన్న మిషన్ నంబరు వేసిన చీటీ ఇస్తుంది. ఎక్కడ ఎక్కారో ఆ నంబరే చెబుతుంది. డ్రైవర్ తల పైన ఒక బోర్డు ఉంటుంది, అందులో ఒక్కో నంబరు కింద ఎంత కట్టాలో కనిపిస్తుంది, స్టేషన్ దాటిన కొద్దీ ఆ అంకెలు పెరుగుతూ పోతాయి. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గరికి వచ్చి, డ్రైవర్ పక్కనున్న పెట్టెలో చీటీ, చిల్లర వేసి దిగాలి. రైలు నడిపేదీ, తలుపు తీసేదీ, డబ్బు లెక్క చూసేదీ ఒక్క మనిషే.

అలాంటి లైన్‌లో చివరి స్టేషన్ అంటే తలుపులు తెరిచి ఉన్న ఖాళీ గది. రాత్రి పూట దిగిన పిల్లకు అది భయం పుట్టించే చోటు. పిల్లి కోసం జనం రావడంతో ఆ ఖాళీ గదిలో మళ్ళీ మనుషుల అలికిడి మొదలైంది. తామా చేసిన మేళ్ళలో డబ్బు గురించి అందరూ చెబుతారు. ఊరికి దక్కిన అసలు మేలు ఈ అలికిడేమో.

స్ట్రాబెర్రీ, బొమ్మలు, ఊరబెట్టిన పళ్ళు

ర్యోబి చేసిన ఇంకో పని, డిజైనర్ ఎయిజి మితొఓకను పిలవడం. కొత్త రైళ్ళు కొనే డబ్బు లేదు. నాన్‌కాయ్ వదిలి వెళ్ళిన పాత రెండు పెట్టెల రైళ్ళే దిక్కు. వాటికే కొత్త రూపం ఇచ్చారు. 2006 ఆగస్టులో స్ట్రాబెర్రీ రైలు వచ్చింది. కిషిగవ స్ట్రాబెర్రీ తోటలకు పేరున్న ఊరు, అందుకని. లోపల బెంచీలు, నేల చెక్కవి. రైలు మార్చడానికి చందాలు పోగు చేశారు, ఇచ్చినవాళ్ళ పేర్లు పెట్టెలోనే రాసి పెట్టారు. 2007లో బొమ్మల రైలు, 2009లో 101 తామా బొమ్మలున్న పిల్లి రైలు, 2016లో ఉమెబొషి రైలు వచ్చాయి. ఉమెబొషి అంటే ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన పుల్లటి పండు, మన ఊరగాయకు దగ్గరి చుట్టం. ఆ పండ్ల సాగులో జపాన్ మొత్తానికీ వకయామే ముందుంటుంది.

చూడటానికి ఇవి పిల్లల ఆటలా అనిపించవచ్చు. కానీ బొమ్మల రైలును పక్కన పెడితే, ఏ రైలుకూ బయటినుంచి తెచ్చిన రూపం పెట్టలేదు. తోట, పండు, పక్క కొట్టు పిల్లి, అన్నీ ఆ ప్రాంతంలో ఉన్నవే. రైలు చూస్తే ఊరు కనిపించాలన్న ఈ పట్టింపు వల్ల అక్కడివాళ్ళకు అది తమ రైలు అయింది.

2010 ఆగస్టులో కిషి స్టేషన్ భవనాన్ని కొత్తగా కట్టారు, దీని రూపకల్పన కూడా మితొఓకదే. ఎదురుగా నిలబడి చూస్తే కప్పు పిల్లి తలలా ఉంటుంది. అంచుల్లో రెండు చెవులు, మధ్య కిటికీలు కళ్ళు, చీకటి పడితే ఆ కళ్ళలో వెలుగు. ఫొటోల్లో అందరూ చూసేది ఇదే. దగ్గరికి వెళ్తే కప్పు వేసిన పద్ధతి కనిపిస్తుంది. పెంకు కాదు, రేకు కాదు, హినోకి చెట్టు బెరడు. చెట్టును నరకకుండా, నిలబడి ఉన్న చెట్టు నుంచే పై బెరడు ఒలుస్తారు, కొన్నేళ్ళకు మళ్ళీ బెరడు కడుతుంది. పలచటి బెరడు ముక్కలను ఒకదాని మీద ఒకటి కొద్దికొద్దిగా జరుపుతూ పొరలు పేర్చి వెదురు మేకులు కొడతారు. అంచు దగ్గర ఆ పొరలు దట్టంగా, పుస్తకం పేజీల్లా కనిపిస్తాయి. జపాన్‌లో పాత గుళ్ళకూ, క్యోటోలోని పాత రాజభవనానికీ వేసే కప్పు ఇది. చెట్ల దేవుడి గుడి దాటుకుని వచ్చే లైన్‌లో, సిబ్బంది కూడా లేని స్టేషన్‌కు గుడి కప్పు వేశారు. పిల్లి ముఖం చూసి నవ్వుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఆ చూరు కింద ఒక్క నిమిషం తల ఎత్తి చూస్తే బాగుండును.

పిల్లి చేసింది, చేయలేనిది

తామా వల్ల లాభం ఎంత? కన్సాయ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త కత్సుహిరో మియమొతో వేసిన అంచనా ప్రకారం మొదటి ఏడాదిలో ఆ ప్రాంతానికి ఒనగూరిన ఆర్థిక ప్రయోజనం 110 కోట్ల యెన్‌లు. ఈ అంకె బాగా ప్రచారమైంది. అయితే అది ఆ ప్రాంతం మొత్తానికి కలిగిన ప్రయోజనం, హోటళ్ళు, తిండి, ఫొటోల పుస్తకాలు, ప్రచారం అన్నీ కలిపి. రైల్వే కంపెనీ గల్లాపెట్టెలో పడ్డ డబ్బు కాదు. టూరిస్టు బస్సులో వచ్చి తామాతో ఫొటో దిగి అదే బస్సులో వెళ్ళిపోయినవాళ్ళ వల్ల టికెట్ డబ్బు ఒక్క యెన్ కూడా రాదు.

రైలెక్కిన వాళ్ళ లెక్క వేరే. కొత్త కంపెనీ మొదటి ఆర్థిక సంవత్సరంలో ప్రయాణికులు దాదాపు 10 శాతం పెరిగి 21 లక్షలు అయ్యారు. ఈ అంకెను తామా ఖాతాలో వేయడం మామూలైపోయింది. కానీ జపాన్‌లో ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. అందులో తొమ్మిది నెలలు గడిచాకే తామా టోపీ పెట్టుకుంది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం సంఘం సభ్యులది, స్ట్రాబెర్రీ రైలుది, రైలు పోకుండా ఎక్కుదాం అని నిర్ణయించుకున్న ఊరి జనానిది. పిల్లి ప్రభావం తర్వాతి ఏళ్ళలో కనిపిస్తుంది. 2015 ఆర్థిక సంవత్సరానికి ప్రయాణికుల సంఖ్య 23 లక్షలకు చేరింది.

అంత చేసినా లైన్ లాభాల్లోకి రాలేదు. ఇది తామా తప్పూ కాదు, కంపెనీ తప్పూ కాదు. పండగకీ పబ్బానికీ వచ్చే టూరిస్టు రోజూ పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే విద్యార్థికి బదులు కాలేడు. పుట్టే పిల్లలు తగ్గేకొద్దీ పాసులు తగ్గుతాయి. కరోనా సమయంలో విదేశీ టూరిస్టులు ఒక్కసారిగా మాయమైనప్పుడు ఆ ఆదాయం ఎంత నిలకడలేనిదో బయటపడింది. భూమి, మరమ్మతులు, నష్టంలో కొంత భాగం ప్రజల డబ్బుతో నడవకపోతే ఎంత ముద్దొచ్చే పిల్లయినా 14 కిలోమీటర్ల పట్టాలు మోయలేదు. అందుకే మొదటి పదేళ్ళ ఒప్పందం ముగిశాక, 2016లో, పట్టాలు, సిగ్నళ్ళు లాంటి వాటిని బాగుచేయడానికి ప్రిఫెక్చర్, రెండు నగరాలు మరో పదేళ్ళకు సాయం ఒప్పుకున్నాయి. బయటి దేశాల పత్రికల్లో ఆ వార్త దాదాపుగా రాలేదు.

తామా 2015 జూన్ 22న, పదహారేళ్ళ వయసులో చనిపోయింది. 28న షింతో పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి, మూడు వేల మంది దాకా వచ్చారు. ప్లాట్‌ఫాం మీద చిన్న గుడి కట్టి తామా దైమ్యోజిన్ అనే పేరుతో ప్రతిష్ఠించారు. దైమ్యోజిన్ అంటే మహిమగల దేవత. యాభై రోజుల సంతాప కాలం ముగిశాకే, ఆగస్టులో, నితామా అనే పిల్లి ఆ పదవిలోకి వచ్చింది. నియమాల ప్రకారం సంతాపం పాటించి, ఆ తర్వాతే వారసురాలిని కూర్చోబెట్టడం చూస్తే కంపెనీ దీన్ని తమాషాగా తీసుకోలేదని తెలుస్తుంది.

తామా తర్వాత జపాన్‌లో జంతువులను స్టేషన్ మాస్టర్లను చేయడం ఒక ఒరవడి అయింది. ఫుకుషిమ వైపు ఐజు రైల్వేలో అషినొమకి ఒన్సెన్ స్టేషన్‌కు 2008లోనే ఒక పిల్లి మాస్టర్ వచ్చింది. ఇలాంటివి మంచివే. కానీ పిల్లిని తెచ్చుకోవడం తేలిక, 2005 ఫిబ్రవరి నాటి ఒప్పందం లాంటిది తెచ్చుకోవడం కష్టం.

ఒక్క అమ్మాయి కోసం ఆగిన రైలు?

తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో జపాన్ చిన్న స్టేషన్ అనగానే గుర్తొచ్చేది ఇంకో కథ. జపాన్ ఉత్తరాది దీవి హొక్కైదోలో ఒకే ఒక్క విద్యార్థిని కోసం స్టేషన్ తెరిచి ఉంచారని, ఆమె చదువు అయ్యే రోజుకు మూసేశారని, ఆమె బడి వేళలకు తగ్గట్టు రైలు టైములు మార్చారని. 2016 జనవరిలో ఇది ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆ స్టేషన్ పేరు క్యూ షిరతకి.

అక్కడినుంచి ఒక అమ్మాయి బడికి వెళ్ళిన మాట నిజం. మిగతాది నిజం కాదు. ఆ రైలు ఆ లైన్‌లో మామూలుగా తిరిగేదే, అందులో ఇతర విద్యార్థులూ వెళ్ళేవారు. స్టేషన్‌ను 2016 మార్చి 26న మూసేశారు, అదే రోజు పక్కనున్న కమి షిరతకి, షిమొ షిరతకి కూడా మూసేశారు. ఏటా మార్చిలో జపాన్ రైళ్ళ కొత్త టైంటేబుల్ వస్తుంది, బడి సంవత్సరం కూడా మార్చితోనే ముగుస్తుంది. రెండూ కలిశాయి, అంతే.

ఈ కథను నమ్మినవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. ఒక పిల్ల చదువు కోసం ప్రభుత్వం రైలు ఆపిందంటే నమ్మాలనిపిస్తుంది. అలా ఉండాలని ఎవరికైనా ఉంటుంది. కానీ ఆ కథ తిరుగుతున్న అదే ఏడాది హొక్కైదోలో జరిగింది వేరు. 2016 నవంబరులో జేఆర్ హొక్కైదో కంపెనీ తమ లైన్లలో దాదాపు సగం, 1,237 కిలోమీటర్లు, ఒంటరిగా నడపడం తమ వల్ల కాదని ప్రకటించింది. ఆ జాబితాలో క్యూ షిరతకి ఉన్న లైన్ కూడా ఉంది. డిసెంబరులో రుమొయ్ నుంచి మషికె దాకా లైన్ ఆగిపోయింది. 2023 మార్చి ఆఖరుకు రుమొయ్ పట్టణానికే రైలు లేకుండా పోయింది. ఫార్వర్డ్ మెసేజ్‌లో ఒక్క అమ్మాయి కోసం ఆగిన రైలు, నేల మీద ఊళ్ళకు ఊళ్ళే రైలు లేకుండా అయిపోయాయి.

కిషికీ రుమొయ్‌కీ తేడా జాలిలో లేదు. హొక్కైదోలో దూరాలు ఎక్కువ, మంచు ఎక్కువ, ఊళ్ళు పల్చన, ఖర్చు స్థానిక ప్రభుత్వాల తలకు మించినది. కిషిగవ లైన్ పొట్టిది, ఒక చివర నగరం ఉంది, దారిలో బళ్ళున్నాయి. కిషిలో జరిగింది అన్నిచోట్లా జరుగుతుందని చెప్పడం రుమొయ్ జనానికి అన్యాయం చేయడమే. అక్కడివాళ్ళకు ప్రేమ తక్కువై రైలు పోలేదు.

కిషిగవ సంఘం తన పని ఆపలేదు. స్టేషన్లు ఊడవడం, మొక్కలు పెంచడం, పండగలు చేయడం, ఎక్కి నిలబెట్టుకుందాం అన్న మాటను ఇంటింటికీ చేర్చడం. వాళ్ళు పెట్టుకున్న లక్ష్యం ఏడాదికి 25 లక్షల మంది. అందుకోసం లైన్ వెంబడి ఉన్నవాళ్ళను వాళ్ళు అడిగింది, ఇప్పుడు ఎక్కేదానికంటే ఏడాదికి నాలుగుసార్లు ఎక్కువ ఎక్కమని. రెండు రానుపోను ప్రయాణాలు. ఒకసారి వకయామలో డాక్టరు దగ్గరికి, ఒకసారి ఇదకిసోలో దిగి చెట్ల దేవుడి గుడికి.